పెరట్లో మిగిలిన కోళ్లు: ఏవి అమ్మాలి, ఎప్పుడు, ఎలా

వానలు తగ్గాక కోళ్ల మీద ఉత్తరాలు ఎప్పుడూ పెరుగుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ పెంపకం గురించి కాదు, అమ్మకం గురించే. విశాఖ తీరంలోని భీమిలి నుంచి అరకు కొండల్లోని డుంబ్రిగుడ దాకా అడిగినవాటిలో నలుగురికీ పనికొచ్చేవి ఏరి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఆరు పెట్టలతో మొదలుపెట్టాం. రెండు మూడుసార్లు పొదిగించేసరికి పెద్దా చిన్నా కలిపి నలభై దాటాయి. అందులో పదిహేను దాకా పుంజులే. రాత్రిళ్లు గూట్లో చోటు చాలడం లేదు. ఏవి అమ్మాలి, ఏవి ఉంచాలి?
(ఒక పాఠకురాలు, పద్మనాభం మండలం)

జవాబు: ముందు పుంజుల లెక్క తేల్చండమ్మా. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. దానికేమైనా అయితే అక్కరకు రావడానికి ఇంకొకటి. మిగిలినవన్నీ అమ్మకానికే. గుడ్లలో సగం పుంజులే అవుతాయి కాబట్టి పొదిగించిన ప్రతిసారీ ఈ మిగులు ఉండేదే. ఏనాటికైనా పెద్దవవుతాయిలే అని ఉంచేయడమే చేటు. నాటు పుంజు అయిదారు నెలలకు కిలోంబావు, కిలోన్నర తూగుతుంది. అక్కడి నుంచి ఎదుగుదల మందగిస్తుంది, తిండి మాత్రం తగ్గదు. పెరట్లో ఏరుకు తినేది పోను రోజుకు 40 గ్రాముల నూకలో చోళ్లో వేస్తున్నారనుకోండి, పదిహేను పుంజులకు నెలకు 18 కిలోలు. పైగా ఈ వయసులోనే పుంజులు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, పెట్టల్ని తరిమి తరిమి వాటి వీపు మీద ఈకలు ఊడగొడతాయి. తురాయి చిరిగి నెత్తురు కారే పుంజును చూసి కొనేవాడు ధర తగ్గిస్తాడు. ఏడాది దాటితే మాంసం గట్టిపడి ఇళ్లవాళ్లు కొనరు.

ఉంచుకునే పుంజును మీ గూటి కోడిపిల్లల్లోంచి ఎంచకండి. ఆ పెట్టలు దానికి తల్లో తోబుట్టువులో అవుతాయి. రెండు తరాలు అలా జరిగితే గుడ్లు సరిగా పొదగవు, పొదిగినా పిల్లలు నీరసంగా ఉంటాయి. పక్క ఊరివాళ్లతో పుంజుకు పుంజు మార్చుకోవడం మంచిది. ఖర్చు లేని పని.

పెట్టల దగ్గర కాస్త ఓపిక కావాలి. ఏది గుడ్లు పెడుతోందో, ఏది ఊరికే తింటోందో పైకి చూసి చెప్పలేం. చీకటి పడ్డాక కోళ్లు గూట్లో కదలకుండా ఉన్నప్పుడు టార్చి పట్టుకుని ఒక్కొక్కదాన్నీ తీయండి. తల మీ చంక కిందకి, తోక ముందుకి వచ్చేలా ఎడమ చేత్తో ఒడిసి పట్టుకోండి. గుడ్డు వచ్చే ద్వారానికి రెండు వైపులా సన్నని ఎముకల కొనలు చేతికి తగులుతాయి. ఆ రెండింటి మధ్య రెండు మూడు వేళ్లు పట్టి, ద్వారం వెడల్పుగా తడిగా ఉంటే గుడ్లు పెడుతున్నట్టే. ఒక వేలు కూడా ఇరుకై, ద్వారం చిన్నగా ముడుచుకుని పొడిగా ఉంటే పెట్టడం ఆపేసినట్టు. తురాయి చూసినా కొంత తెలుస్తుంది: గుడ్లు పెట్టేదానికి ఎర్రగా, వెచ్చగా, నిండుగా ఉంటుంది. ఆపేసినదానికి పాలిపోయి పొలుసులు లేస్తుంది.

ఇక్కడొక తిరకాసు ఉంది. పొదుగు మీదున్న పెట్ట, పిల్లల్ని తిప్పుతున్న పెట్ట, ఈకలు రాలుస్తున్న పెట్ట, ఈ మూడూ గుడ్లు ఆపినట్టే కనిపిస్తాయి. తొందరపడి అమ్మేస్తే మంచి పెట్ట పోతుంది. ఇరుకుగా అనిపించినదాని కాలికి రంగు దారం వదులుగా కట్టి, నెలన్నర తర్వాత మళ్లీ చూడండి. అప్పుడూ అలాగే ఉండి, వయసు మూడో ఏట పడితే అమ్మకానికి పెట్టండి. పన్నెండు పిల్లల్ని దింపి తొమ్మిదింటిని దక్కించిన తల్లి ఉంటే, అది గుడ్లు తక్కువ పెట్టినా అమ్మకండి. గద్దనీ పిల్లినీ కాచుకునే తల్లి బజారులో దొరకదు.

ఇంకొకటి. ఆరు నెలలు దాటి గుడ్డుకు రాబోయే పడుచు పెట్టల్ని మారుబేరగాళ్లు పుంజులతో కలిపి కిలో లెక్కన అడుగుతారు. కిలో కూడా తూగని ఆ పెట్ట అసలు విలువ మాంసంలో లేదు. పెంచుకునేవాళ్లకు విడిగా, ఒక్కో పెట్టకింతని ధర చెప్పి అమ్మండి.

ప్రశ్న: మా ఊరికి వారానికోసారి బండి మీద గంపలతో వచ్చి కోళ్లు కొంటారు. చేత్తో ఎత్తి చూసి ‘ఇంత’ అంటారు. బేరం ఆడినా పెద్దగా పెంచరు. మాకు నష్టం ఎంత ఉంటుంది? మేమే తూచుకోవాలంటే ఎలా?
(సబ్బవరం మండలం నుంచి)

జవాబు: లెక్క కోసం కిలో 500 రూపాయలనుకుందాం. 1,700 గ్రాముల పుంజును ‘కిలోన్నర ఉంటుంది’ అంటే ఒక్క కోడి మీద వంద రూపాయలు పోయినట్టే. ఆయన రోజూ పదుల కోళ్లు ఎత్తే మనిషి, చేత్తోనే యాభై గ్రాముల తేడా పట్టేస్తాడు. మనకు తెలియదు. ఎత్తి చూసే బేరంలో గెలుపు ఎప్పుడూ ఆయనదే. దానికి మందు వేలాడదీసే డిజిటల్ కాటా. పెద్ద ఖరీదేం కాదు, ఇద్దరు ముగ్గురు ఇళ్లవాళ్లు కలిసి కొన్నా చాలు. కాటా నిజం చెబుతోందా లేదా అని అనుమానమైతే సీలు విప్పని లీటరు నీళ్ల సీసా తగిలించండి. నీళ్లు కిలో, సీసా ఇరవై ముప్ఫై గ్రాములు. అంతకన్నా బాగా తేడా వస్తే బ్యాటరీ మార్చి చూడండి, అప్పటికీ తేడా ఉంటే ఆ కాటా పక్కన పెట్టేయండి. మీకై మీరు తెలుసుకోవడానికి ఇది చాలు. బజారులో కొట్టు పెట్టి తూచి అమ్మితే మాత్రం తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన కాటాయే ఉండాలి.

కోడిని కాళ్లకు తాడు కట్టి కొక్కేనికి వేలాడదీస్తే రెక్కలు కొట్టుకుంటుంది, అంకె నిలవదు. పాత ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, కోడిని తల ముందుగా దూర్చి, తల బయటికి వచ్చేలా పట్టండి. చుట్టూ బట్ట బిగిస్తే కదలదు. బట్ట బరువు ముందే చూసి తీసేయండి. సంచీలో వేసి మూతి కడితే ఊపిరాడదు, ఆ పని వద్దు.

తూకం మీద గొడవ ఎక్కువగా మేత దగ్గరే వస్తుంది. నిండా తిన్న కోడికి మెడ కింద మేత సంచి ఉబ్బి ఉంటుంది. పేగుల్లో ఉన్నదీ కలిపితే వంద గ్రాముల దాకా వస్తుంది. అమ్మే ముందు నూకలు దండిగా పెట్టి బరువు పెంచేవాళ్లున్నారు. కొనేవాడు ఆ సంచి నొక్కి చూసి వంద గ్రాముల బదులు రెండు వందలు కోస్తాడు, మళ్లీసారి మీ మాట నమ్మడు. తెల్లవారి గూడు తెరవగానే, మేత వేయకముందు, నీళ్లు మాత్రం తాగనిచ్చి తూచండి. సంచి ఖాళీగా ఉందని చూపించి, ‘తరుగు లేదు’ అని ముందే మాట తీసుకోండి.

బేరానికి ముందే అన్నిటినీ తూచి, కాలికి కట్టిన దారం రంగు పక్కన బరువు రాసి పెట్టుకుంటే సగం బేరం అయిపోయినట్టే. కాగితం చూపించి చెప్పే మనిషితో ఎవరూ ఎక్కువ వాదించరు.

ప్రశ్న: ఏ నెలల్లో ధర బాగుంటుంది? సంక్రాంతికి అమ్ముదామని ఉంచితే అప్పటికి మా కోళ్లు చిన్నవైపోతున్నాయి. ఒక్కోసారి ముదిరిపోతున్నాయి.
(భీమిలి నుంచి ఒక రైతు)

జవాబు: పండక్కి కోడి అందాలంటే లెక్క పండగ నుంచి వెనక్కి వేయాలి. కనుమ జనవరి మధ్యలో. మీకు కావలసింది అయిదున్నర, ఆరు నెలల పుంజు. అంటే జూలై రెండో సగంలో పిల్ల గుడ్డులోంచి బయటపడాలి. పొదుగు 21 రోజులు. కాబట్టి జూన్ చివరో జూలై మొదట్లోనో పెట్ట కింద గుడ్లు పెట్టాలి. ఒక్కో పెట్ట కింద పది, పన్నెండుకు మించి పెట్టకండి, రెక్కల కింద పట్టనివి చల్లబడి పాడవుతాయి. చాలామంది వినాయక చవితికి పొదిగించి సంక్రాంతికి అమ్ముదామనుకుంటారు. అవి అప్పటికి నాలుగు నెలలు కూడా నిండని పిల్లలు.

జూలై పిల్లలతో ఒక కష్టం ఉంది. వానకాలం, నేల తడి. తడి చెత్తలో పెరిగిన పిల్లలకు మూడు నాలుగు వారాల వయసులో రక్తపు పారుడు వస్తుంది, రెండు రోజుల్లో సగం పోతాయి. ఊక పరిచి, ముద్దకట్టిన చోట ఎప్పటికప్పుడు తీసి పొడి ఊక వేస్తూ, మొదటి నెలన్నర తల్లినీ పిల్లల్నీ పొడి కొట్టంలోనే ఉంచగలిగితేనే సంక్రాంతి మీద ఆశ పెట్టుకోండి. అది కుదరనివాళ్లకు అక్టోబరు, నవంబరు పిల్లలే మేలు. బాగా దక్కుతాయి, ఏప్రిల్, మే నెలల్లో గ్రామదేవత పండగలకు సరిగ్గా అందుతాయి.

మన వైపు అమ్మకాలు సంక్రాంతి ఒక్కదాని మీదే లేవు. అనకాపల్లి నూకాలమ్మ జాతర కొత్త అమావాస్యతో మొదలై నెల రోజులు సాగుతుంది. మే నెలలో పాడేరు మోదకొండమ్మ ఉత్సవాలు. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరం పైడితల్లి సిరిమాను. ఇవి కాక ఊరూరా అమ్మవారి పండగలు. మొక్కుబడికి కొనేవాళ్లు కిలో లెక్క చూడరు, రంగు చూస్తారు. మచ్చ లేని నల్లకోడి కావాలంటారు. అవయవ లోపం ఉన్నది తీసుకోరు. నల్లవాటిని మామూలు బేరంలో కలపకుండా పక్కన ఉంచుకుంటే దాని ధర దానికే ఉంటుంది.

శ్రావణంలో అమ్మకం పడిపోతుంది. కార్తీకంలో మరీ. మార్గశిరంలో విశాఖలో కనకమహాలక్ష్మి అమ్మవారి పూజలని గురువారాలు చాలా ఇళ్లలో నీచు ముట్టరు. కార్తీకంలో ధర తగ్గిందని అయినకాడికి అమ్మాలా, నెల ఆగాలా? కోడిని నెల ఉంచితే 40 గ్రాముల చొప్పున 1,200 గ్రాముల మేత, ముప్ఫై రూపాయల పైచిలుకు. ఎదిగే వయసు కోడి ఆ నెలలో ఆ ఖర్చుకు మించిన విలువైన మాంసం పెడుతుంది, దాన్ని అమ్మకుండా ఉంచండి. ముదిరిన పుంజు, గుడ్లాపిన పెట్ట ఏమీ పెరగవు. వాటిని కార్తీకం రాకముందే దసరాకు వదిలించుకోవాలి.

ప్రశ్న: మా డేగ పుంజు బాగుందని పందేలవాళ్లు మామూలు ధరకు ఎన్నో రెట్లు ఇస్తామంటున్నారు. అమ్మొచ్చా?
(పేరు, ఊరు రాయలేదు)

జవాబు: వద్దు. కోడిపందేలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం, డబ్బు పెడితే 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా వర్తిస్తుంది. ఎందుకు కొంటున్నారో చెప్పి మరీ అడిగినవాళ్లకు తెలిసి అమ్మి చిక్కులు తెచ్చుకోకండి. పుంజు జాతి మంచిదైతే పొదుగు గుడ్లు, పిల్లలు అమ్ముకోవచ్చు. ఆసీల్ అనే పందెం జాతి పిల్లలకు పెంచుకునేవాళ్లలోనే మంచి గిరాకీ ఉంది.

ప్రశ్న: అరకు శుక్రవారం సంతలో కంటే విశాఖలో నాటుకోడికి ఎక్కువ వస్తుందని ముప్ఫై కోళ్లు ఆటోలో పంపాం. దారిలో నాలుగు చచ్చాయి, మరో మూడు వాలిపోయి సగం ధరకు పోయాయి. ఎక్కడ పొరపాటు?
(డుంబ్రిగుడ మండలం నుంచి)

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబుంది. కాళ్లు జతలుగా కట్టి ఒకదాని మీద ఒకటి వేశామని, పొద్దున తొమ్మిదింటికి బయల్దేరామని రాశారు. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పి, రెక్కలు ఎడంగా పెట్టి వేడి బయటికి పంపుకుంటుంది. పైన ఇంకో కోడి పడుంటే ఆ రెండూ చేయలేదు. చల్లటి కొండ మీద అలవాటైన కోడి ఘాట్ దిగి శృంగవరపుకోట చేరేసరికి ఎండ ముదురుతుంది. అక్కడి నుంచి విశాఖ దాకా ఉక్క. తలకిందులుగా వేలాడదీసినా ఇదే గతి. అది చట్టం ఒప్పుకోని పని కూడా.

జంతువుల రవాణా నియమాల్లో పెద్ద కోళ్లకు చెప్పిన పెట్టె కొలత 115 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 45 ఎత్తు. అందులో పన్నెండు కోళ్లు. మీ ముప్ఫైకి అలాంటివి మూడు కావాలి. ప్లాస్టిక్ క్రేట్లు లేకపోతే వెదురు గంపలు ఇంకా మంచివి, గాలి అన్ని వైపుల నుంచీ ఆడుతుంది. అడుగున గడ్డి దట్టంగా పరచండి. వట్టి అడుగైతే మలుపుల్లో జారి కాళ్లు విరుగుతాయి, కుంటికోడికి ధర లేదు. పుంజుల్ని పెట్టల్ని వేరువేరుగా, ఒకే గూట్లో పెరిగినవాటిని ఒకచోట పెట్టండి. కొత్త పుంజులు రెండు ఒక గంపలో పడితే విశాఖ వచ్చేదాకా పొడుచుకుంటూనే ఉంటాయి.

చీకట్లోనే గంపలకెత్తండి, అప్పుడు బెదరవు. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరితే ఎండెక్కే లోపు చేరతారు. రాత్రి మేత ఆపేయండి, నీళ్లు మాత్రం ఎక్కించే దాకా ఉండాలి. నిండిన కడుపుతో ఘాట్ ఎక్కి దిగిన కోడి రొప్పు ఎక్కువ చేస్తుంది, గంపంతా రొచ్చవుతుంది, ఈకలు అంటుకుపోయి కోడి జబ్బుదానిలా కనిపిస్తుంది. గంపల మీద గంపలు పెట్టాల్సి వస్తే మధ్యలో కర్రలు అడ్డం పెట్టి జానెడు సందు వదలండి. ఎండకు కాస్తుందని టార్పాలిన్ నాలుగు వైపులా కట్టేస్తారు, అదే ప్రాణాలు తీస్తుంది. పైన మాత్రమే నీడ, పక్కలు ఖాళీ.

బండి ఆగితే గాలి ఆగుతుంది. టీ తాగడానికి ఇరవై నిమిషాలు ఎండలో ఆపిన బండిలోనే ఎక్కువ చస్తాయి. రొప్పుతున్నవాటి మీద నీళ్లు కుమ్మరించడం కూడా మన తీరంలో పెద్దగా పనిచేయదు, గాలిలో తేమ ముందే ఉంది కాబట్టి ఆరదు. నీడకు చేర్చి, గంపలు విడదీసి, ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు పెట్టండి.

చేరగానే తూచి ఇచ్చేలా కొనేవాళ్లతో ముందే మాట్లాడుకోండి. దారిలో ఆకలికీ వేడికీ కోడి బరువు తగ్గుతుంది, మధ్యాహ్నం దాకా గంపలో కూర్చోబెడితే మరింత తగ్గుతుంది. ఆ తరుగు, ఆటో కిరాయి తీసేస్తే అరకు ధరకూ విశాఖ ధరకూ తేడా మీరనుకున్నంత మిగలకపోవచ్చు. పదీ పదిహేను కోళ్లకైతే సంతే నయం. ముప్ఫై నలభై పోగైతేనే కిరాయి గిట్టుతుంది, అదీ పక్కింటివాళ్లవి కలుపుకుంటే.

అమ్ముడుపోనివి ఇంటికి తెచ్చి గూట్లో కలపకండి. సంతలో పది ఊళ్ల కోళ్ల పక్కన కూర్చుని వచ్చాయి. మూడు వారాలు వేరే చోట, వేరే గిన్నెలో నీళ్లతో ఉంచి, వాటి పని చివర్లో చేసుకోండి. గంపలు ఎండలో ఆరేసి, సున్నం నీళ్లు చల్లాకే మళ్లీ వాడండి. అంత ఓపిక లేకపోతే సాయంత్రానికి ధర తగ్గించైనా అక్కడే ఇచ్చేసి రావడం తెలివైన పని.

ప్రశ్న: వీధి చివర ఇంట్లో కోళ్లు వరసగా చస్తున్నాయి. మావి బాగానే ఉన్నాయి. బేగి అమ్మేద్దామని మావారంటున్నారు. కొనేవాళ్లూ ఉన్నారు.
(ఆనందపురం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఇప్పుడు అమ్మకండమ్మా. పచ్చగా తెల్లగా పారడం, మెడ మెలితిరగడం, నోరు చాచి ఊపిరి తీయడం, ఇవి కనిపిస్తున్నాయని రాశారు. ఇవి కొక్కెర తెగులు గుర్తులు. ఈ జబ్బు ఒంట్లో చేరాక సాధారణంగా అయిదారు రోజులకు, ఒక్కోసారి రెండు వారాలకు పైకి తేలుతుంది. ఈ రోజు బాగున్నట్టు కనిపించే మీ కోడి కొన్నవాళ్ల ఇంట్లో నాలుగో రోజు చావొచ్చు, వాళ్ల గూడంతా ఊడ్చేస్తుంది. మళ్లీ మీ దగ్గర ఎవరూ కొనరు.

కోళ్లను బయటికి వదలకండి. ఆ ఇంటికి వెళ్లొచ్చిన చెప్పులతో గూటి దగ్గరకు పోకండి. పశువైద్యశాలకో రైతు సేవా కేంద్రానికో కబురు చేయండి, 1962కు ఫోన్ చేసినా పశువైద్య అంబులెన్సువాళ్లు మాట్లాడతారు. పక్షులు ఒక్కసారిగా పెద్ద సంఖ్యలో చచ్చిపోతుంటే మన సొంత అంచనా మీద ఉండిపోకూడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో తేలింది బర్డ్ ఫ్లూ. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా ల్యాబు పరీక్షే చెప్పాలి. చచ్చినవాటిని వట్టి చేతులతో ముట్టకండి. గెడ్డలో పారేయకుండా, కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చమని ఆ ఇంటివాళ్లకూ చెప్పండి.

ఈ గండం గడిచాక టీకాలు వరసలో పెట్టుకోండి. అయిదు నుంచి ఏడు రోజుల పిల్లలకు కంట్లో చుక్క లసోటా, నాలుగో వారంలో మళ్లీ. ఎనిమిది వారాలకు రెక్క దగ్గర చర్మం కిందకి అర మిల్లీలీటరు ఆర్2బి సూది, తర్వాత ఆరు నెలలకోసారి. టీకా సీసా సాధారణంగా వంద కోళ్లకు వస్తుంది, పది కోళ్ల కోసం విప్పడం దండగని జనం మానేస్తుంటారు. వీధంతా ఒకే రోజు పెట్టుకుంటే ఆ చిక్కుండదు. ఐసు పెట్టెలో తెచ్చి, కలిపిన రెండు గంటల్లో అయిపోగొట్టాలి. ఎండలో పెట్టిన టీకా వేసినా వేయనట్టే. టీకా వేసిన మర్నాడే సంతకు తోలకండి, బలం రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

ప్రశ్న: ఎం.వి.పి. కాలనీలో కొన్ని ఇళ్లకు నాటు గుడ్లు ఇస్తున్నాం. వేసవిలో ఇద్దరు ముగ్గురు ‘పగలగొడితే నెత్తురు జీరలున్నాయి’ అని తిరిగిచ్చేశారు.
(కొమ్మాది నుంచి)

జవాబు: పచ్చసొన మీద ఒక్క చుక్క ఎరుపు మాత్రమే ఉంటే అది గుడ్డు తయారయ్యేటప్పుడు చిట్లిన నరం, తినడానికి ఇబ్బంది లేదు. సాలెగూడులా జీరలు కనిపిస్తే అందులో పిల్ల మొదలైనట్టే. పుంజుతో తిరిగే పెట్ట గుడ్డు మన వేసవి వేడికి పెట్ట కూర్చోకపోయినా కదలడం మొదలుపెడుతుంది, పొదుగుకొచ్చిన పెట్ట ఒక పూట కూర్చుందంటే ఇక చెప్పక్కర్లేదు.

గుడ్ల కోసమే ఉంచిన పెట్టల దగ్గర పుంజు అక్కర్లేదు, పుంజు లేకపోయినా గుడ్లు పెడతాయి. వేరు చేశాక రెండు మూడు వారాలు ఆగితే గింజ లేని గుడ్లే వస్తాయి. అలా కుదరకపోతే రోజుకు రెండుసార్లు ఏరండి, గంపలో గుర్తుకు ఒక్క గుడ్డు కూడా వదలొద్దు. తడి ఇసుక మీద పెట్టిన కుండలో, మొన తేలిన వైపు కిందకి ఉండేలా ఉంచి వారం లోపు ఇచ్చేయండి. ఇచ్చే ముందు చీకటి గదిలో ఫోన్ లైటు మీద పెట్టి చూడండి, జీరలుంటే ఎర్రటి దారాల్లా తెలుస్తాయి. మురికి గుడ్లను కడగకండి. పెంకు మీది పొర పోయి తొందరగా పాడవుతాయి. పొడి బట్టతో తుడిచి, మరీ మురికైనవి ఇంట్లో వాడుకోండి.

ప్రశ్న: వనరాజా కోళ్లను నాటుకోళ్లని అమ్ముతున్నారు. మేమూ అలా అమ్మితే తప్పా?
(పెందుర్తి నుంచి)

జవాబు: తప్పే. వనరాజా, గ్రామప్రియ హైదరాబాదులోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకాలు. మంచి కోళ్లు. నాటుకోడి కంటే వేగంగా బరువు పెరుగుతాయి, మాంసం మెత్తగా ఉంటుంది. మెత్తగా ఉంటుందనే దొరికిపోతారు: నాటుకోడి అని తీసుకెళ్లి గంట ఉడికించాలనుకున్నవాళ్ల ముక్క అరగంటకే విడిపోతుంది. పేరు చెప్పి, కొంచెం తక్కువ ధరకు అమ్మండి. ముసలివాళ్లున్న ఇళ్లలో అదే కావాలని అడుగుతారు.

ప్రశ్న: నగరంలో అడిగేవాళ్లు ‘కోసి, కాల్చి, ముక్కలు చేసి ఇస్తేనే’ అంటున్నారు. ధర ఎలా కట్టాలి?
(గాజువాక నుంచి)

జవాబు: కిలోన్నర బరువున్న నాటుకోడి ఈకలు, తల, కాళ్లు, పేగులు పోను తోలుతో కిలో అటూ ఇటూగా దిగుతుంది. కాబట్టి బతికున్న కోడి కిలో 500 అయితే మాంసం కిలో 750, దాని మీద మీ పని కూలి. ఈ లెక్క తెలియక మాంసాన్ని ఆరు వందలకు ఒప్పుకుని, రోజంతా ఈకలు పీకి నష్టపోయినవాళ్లున్నారు.

ఈకలు పీకడానికి నీళ్లు మరగకూడదు. బుడగలు రాకముందే, 60 డిగ్రీలు దాటీ దాటకుండా, ఒకటిన్నర రెండు నిమిషాలు ముంచి రెక్క ఈక లాగి చూడండి. సులువుగా వస్తే చాలు. మరిగే నీళ్లలో ముంచితే తోలు ఉడికి, పీకేటప్పుడు ఈకతో పాటు ఊడొస్తుంది. తోలు చిరిగిన కోడిని కాల్చడం కుదరదు. పీకాక పసుపు రాసి గడ్డి మంట మీద తిప్పాలి. కిరోసిన్ చుక్క కూడా తగలకూడదు, ఆ వాసన కూరలోకి వస్తుంది. కడుపు కోసేటప్పుడు పిత్తం తిత్తి చితికితే ఆ ముక్కలు చేదెక్కిపోతాయి, దాన్ని కాలేయంతో పాటు పట్టి మెల్లగా విడదీయాలి. ముందు రాత్రి మేత ఆపి ఉంటే పేగులు ఖాళీగా ఉండి పని శుభ్రంగా అవుతుంది. కోసిన వెంటనే కడిగి ఐసులో పెట్టి, ఆ పూటే చేర్చాలి.

బతికున్న మీ సొంత కోడిని అమ్ముకోవడం వేరు, కోసి మాంసం అమ్మడం వేరు. రెండోదానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) రిజిస్ట్రేషన్ కావాలి, నగర పరిధిలో విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) నిబంధనలూ ఉంటాయి. వారానికి అయిదారు కోళ్ల కోసం ఆ తంటా ఎందుకనుకుంటే కోడిని ఇచ్చేసి, దగ్గర్లోని మాంసం కొట్టులో కూలికి కోయించుకోమనండి. కాల్చి ఇచ్చే కొట్లు గాజువాకలోనే దొరుకుతాయి. మందు వాడిన కోడి అయితే ఆ మందు చీటీ మీద రాసిన గడువు దాటే దాకా ఎవరికీ ఇవ్వకండి, ఇంట్లోనూ వండుకోకండి.